పోయిన డిస్కు వేరు, పోతున్న డిస్కు వేరు: రెయిడ్‌లో డిస్కు మార్చడానికి ఏ దారి ఎంచుకోవాలి

నాలుగు బేల (డిస్కు పెట్టే అరల) నాస్ బాక్సు, అంటే నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె, లోపల నాలుగు 8 టీబీ డిస్కులు, రెయిడ్ 5. పెళ్లి వీడియోలు చేసే స్టూడియోల్లో, ఆడిటర్ ఆఫీసుల్లో, చిన్న ఆసుపత్రుల్లో బాగా కనిపించే అమరిక ఇది. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒక అర్రేగా వాడటం. రెయిడ్ 5లో డేటాతో పాటు పారిటీ అనే లెక్కగట్టిన అదనపు సమాచారం కూడా డిస్కులన్నిటి మీదా పరిచి ఉంటుంది కాబట్టి ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. ఒకరోజు బాక్సు బీప్ కొట్టడం మొదలుపెడుతుంది, మూడో బే లైటు నారింజ రంగులోకి మారుతుంది, స్క్రీన్ మీద ‘డీగ్రేడెడ్’ (రక్షణ తగ్గింది) అని వస్తుంది. చాలామంది ఆ డిస్కు లాగేసి, బజార్లో దొరికిన కొత్తది తోసేస్తారు. ఎక్కువసార్లు గట్టెక్కుతారు కూడా. గట్టెక్కని సందర్భాల్లో మాత్రం 24 టీబీ ఒకేసారి పోతుంది.

డిస్కు మార్చే దారులు ఐదున్నాయి. ఏది ఎంచుకోవాలన్నది ప్రధానంగా ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఆ డిస్కు పూర్తిగా పోయిందా, పోతూ ఉందా? పోతున్న డిస్కులో 99 శాతానికి పైగా సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు) ఇంకా చక్కగా చదవగలిగేవే ఉండొచ్చు. దాన్ని తొందరపడి లాగేస్తే, చేతిలో ఉన్న మంచి కాపీని మనమే బయట పారేసినట్టు.

ముందు నాడి చూడండి

స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తీయండి. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ కమాండ్, నాస్‌లో అయితే స్టోరేజ్ మేనేజర్. అందులో నాలుగు వరుసలు చూస్తే చాలు. 5వ నంబరు రీఎలొకేటెడ్ సెక్టార్లు (చెడినందుకు వేరేచోటికి మార్చినవి), 197 పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో పెట్టినవి), 198 సరిచేయలేని సెక్టార్లు, 199 సీఆర్‌సీ ఎర్రర్లు (డిస్కుకూ బాక్సుకూ మధ్య దారిలో వచ్చే లోపాలు).

5, 197, 198 సున్నాగా ఉండి 199 మాత్రమే పెరుగుతుంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు. సాటా కేబుల్, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు తగులుకునే బోర్డు), వదులైన ట్రే, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. కేబుల్ మార్చండి, లేదా ట్రే తీసి గట్టిగా కూర్చోబెట్టండి. ఆ అంకె మళ్లీ సున్నా కాదు. అది పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాల్సింది. వందల రూపాయల కేబుల్‌తో పోయేదానికి వేల రూపాయల డిస్కు కొనేవాళ్లు తక్కువేం కాదు.

197 సున్నా దాటి రోజురోజుకూ పెరుగుతుంటే అది పోతున్న డిస్కు. సిస్టమ్‌కు అసలు కనిపించకపోయినా, టక్ టక్ అని కొట్టుకుంటున్నా అది పోయిన డిస్కు.

నాలుగో రకం ఒకటుంది. స్మార్ట్ శుభ్రంగా ఉంటుంది, అయినా డిస్కు అర్రే నుంచి బయటపడుతుంది. డెస్క్‌టాప్ డిస్కు రెయిడ్‌లో పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. నాస్ డిస్కు చదవలేని సెక్టార్ దగ్గర సాధారణంగా 7 సెకన్లు ప్రయత్నించి ‘రాలేదు’ అని చెప్పేస్తుంది, ఆ ముక్కను పారిటీ నుంచి తెచ్చుకుంటారు. డెస్క్‌టాప్ డిస్కు ఒకే సెక్టార్ మీద రెండు నిమిషాలకు పైగా పట్టుబట్టి కూర్చోగలదు. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది, ఆ తర్వాత లింకు రీసెట్ చేస్తుంది, చివరికి డిస్కు పోయిందని బయటకు నెడుతుంది. డిస్కు ఒప్పుకుంటే స్మార్ట్‌సీటీఎల్‌తో ఎర్రర్ రికవరీ సమయాన్ని 70కి, అంటే 7 సెకన్లకు పెట్టండి. ఒప్పుకోకపోతే లినక్స్ వైపు ఆ డిస్కు టైమౌట్‌ను 180 సెకన్లకు పెంచండి. చాలా డిస్కుల్లో ఈ సెట్టింగు కరెంటు పోతే చెరిగిపోతుంది కాబట్టి ప్రతి బూట్‌లో మళ్లీ అమలయ్యేలా రాసుకోవాలి.

ఈ పరీక్ష జరుగుతుండగా బాక్సు రీబూట్ చేయకండి. బేరింగులు అరిగిన డిస్కు తిరుగుతున్నంతసేపు తిరుగుతుంది, ఒకసారి ఆగితే మళ్లీ లేవకపోవచ్చు. కొత్త డేటా రాయడం ఆపి, చివరి బ్యాకప్ తర్వాత చేరిన ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసుకోండి. ఇక్కడినుంచి చెప్పే ప్రతి దారికీ ఇది ముందు చేయాల్సిన పని.

ఏ డిస్కో తేల్చుకోకుండా ట్రే ముట్టుకోవద్దు

రెయిడ్ 5లో ఒక డిస్కు బయట ఉండగా పొరపాటున మంచి డిస్కు లాగితే అర్రే అక్కడికక్కడే పడిపోతుంది. దీనికి కారణాలు ఎప్పుడూ చిన్నవే. సాఫ్ట్‌వేర్ బేలను 0 నుంచి లెక్కిస్తుంది, ముందువైపు స్టిక్కర్ 1 నుంచి లెక్కిస్తుంది. లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కూ మారిపోవచ్చు. నమ్మదగింది సీరియల్ నంబర్ ఒక్కటే. స్మార్ట్ రిపోర్టులోని సీరియల్‌ను కాగితం మీద రాసుకుని, డిస్కు లేబుల్‌తో చివరి నాలుగు అక్షరాలైనా సరిచూడండి. హార్డ్‌వేర్ కంట్రోలర్ ఉంటే లొకేట్ ఆప్షన్‌తో ఆ బే లైటు వెలిగించవచ్చు. లొకేట్ సౌకర్యం లేని బాక్సులో ఒక పెద్ద ఫైలు చదివించండి. మిగతా లైట్లు మిణుకుమంటుంటే పోయిన డిస్కు లైటు చీకటిగా ఉంటుంది.

దారి 1: పాతది లాగి, కొత్తది పెట్టి, రీబిల్డ్

అందరికీ తెలిసిన దారి. పోయిన డిస్కులోని డేటాను మిగతావాటి నుంచి కొత్తదానిలో తిరిగి కట్టడమే రీబిల్డ్. డిస్కు పూర్తిగా పోయి ఉంటే, అర్రే రెయిడ్ 6 అయి ఇంకో డిస్కు పోయినా తట్టుకునే స్థితిలో ఉంటే, ఇదే సరైనది. ఒకే డేటా జంట డిస్కుల్లో ఉండే రెయిడ్ 1, 10లో కూడా సులువే. పోయిన డిస్కు జంటను మాత్రమే చదవాలి కాబట్టి భారం తక్కువ.

రెయిడ్ 5లో మాత్రం లెక్క కష్టం. రీబిల్డ్ కావాలంటే మిగిలిన మూడు డిస్కుల్లో ప్రతి సెక్టారూ చదవాలి, అంటే మొత్తం 24 టీబీ. మామూలు డిస్కుల డేటాషీట్‌లో చదవలేని లోపం 10 టు ది పవర్ 14 బిట్లకు ఒకటి మించదని రాస్తారు, అంటే సుమారు 12.5 టీబీకి ఒకటి. అది హామీ హద్దు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న డిస్కులు అంతకంటే ఎన్నో రెట్లు బాగా చదువుతాయి కాబట్టి ప్రతి రెయిడ్ 5 రీబిల్డూ విఫలమవుతుందని భయపెట్టే లెక్కలను యథాతథంగా నమ్మనక్కర్లేదు. అసలు ప్రమాదం వేరేచోట ఉంది. మూడేళ్ల కిందటి ఫొటోలున్న సెక్టార్లను ఆ మూడేళ్లలో ఎవరూ చదవలేదు. అక్కడ చెడిన సెక్టార్ ఉన్నా ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. రీబిల్డ్ దాన్ని మొదటిసారి ముట్టుకుంటుంది, అప్పటికి పారిటీ అండ కూడా లేదు.

ఆ చోట ఏమవుతుందన్నది సిస్టమ్‌ను బట్టి మారుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే ఫలానా ఫైలు పాడైందని పేరుతో సహా చెప్పి ముందుకు సాగుతుంది. చాలా హార్డ్‌వేర్ కంట్రోలర్లు ఆ స్ట్రైప్‌ను (డిస్కులన్నిటి మీదా పరిచిన ఒక వరుస ముక్కలను) పంక్చర్‌గా గుర్తించి సాగుతాయి, కానీ ఏ ఫైలో చెప్పలేవు. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయిన ఎండీలో రీబిల్డ్ అక్కడే ఆగిపోవచ్చు. నెలనెలా స్క్రబ్ (డిస్కులన్నీ చదివి సరిచూసే పని) నడిచిన అర్రే అయితే ఈ దారికి భయపడక్కర్లేదు. ఎన్నడూ స్క్రబ్ చేయని రెయిడ్ 5 అయితే ముందు దారి 5 చదవండి.

దారి 2: పాతది ఉండగానే మార్చడం

డిస్కు పోతూ ఉంటే మా మొదటి ఓటు దీనికే. ఖాళీ బేలో, లేదా మదర్‌బోర్డు ఖాళీ సాటా పోర్టుకు కొత్త డిస్కు తగిలిస్తారు. సిస్టమ్ పాత డిస్కు నుంచి కొత్తదానిలోకి నేరుగా కాపీ చేస్తుంది. పాతది చదవలేని సెక్టార్లను మాత్రం పారిటీ నుంచి కడుతుంది. కాపీ పూర్తయ్యేదాకా పాత డిస్కు అర్రేలో సభ్యుడే కాబట్టి రక్షణ ఒక్క నిమిషం కూడా పోదు. ఒక డిస్కులో పాడైన సెక్టారూ, ఇంకో డిస్కులో పాడైన సెక్టారూ ఒకే స్ట్రైప్‌లో పడటం చాలా అరుదు.

లినక్స్ ఎండీని నడిపే ఎండీఏడీఎంలో కొత్త డిస్కును ముందు యాడ్ చేసి, ఆ తర్వాత పాతదానికి రీప్లేస్, కొత్తదానికి విత్ అనే ఆప్షన్లు ఇస్తారు. ఫెయిల్ అని ముందే ఇచ్చేస్తే ఈ లాభం పోయినట్టే. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో జెడ్‌పూల్ రీప్లేస్‌కు పాత, కొత్త రెండు డిస్కుల పేర్లూ ఇవ్వాలి. పొరపాటున రీప్లేస్ బదులు యాడ్ కొడితే కొత్త డిస్కు విడిగా, రక్షణ లేకుండా పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల సముదాయంలో) చేరిపోతుంది. రెయిడ్‌జెడ్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5, 6 లాంటిది) ఉన్న పూల్ నుంచి దాన్ని మళ్లీ తీయలేం, పూల్ మొత్తం కొత్తగా కట్టుకోవాల్సిందే. రెయిడ్‌జెడ్ మీద యాడ్ కొడితే హెచ్చరిక వస్తుంది, ఆ హెచ్చరికను ఫోర్స్ ఆప్షన్‌తో తోసేయకండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌లో కూడా యాడ్, డిలీట్ జంట కన్నా రీప్లేస్ వేగంగా అవుతుంది. సైనాలజీ నాస్‌ల డీఎస్‌ఎం 7 సాఫ్ట్‌వేర్‌లో రీప్లేస్ డ్రైవ్ అని మెనూలోనే ఉంది, ఖాళీ బే మాత్రం కావాలి. మెగారెయిడ్ కంట్రోలర్లలో దీని పేరు కాపీబ్యాక్, డెల్ పెర్క్ కంట్రోలర్లలో రీప్లేస్ మెంబర్.

ఖాళీ బే లేకపోతే యూఎస్‌బీ డాక్‌లో పెట్టవచ్చా అని అడుగుతారు. అర్రే సభ్యుడిగా యూఎస్‌బీ డిస్కును పెట్టమని మేం చెప్పం. పదిహేను గంటల కాపీలో ఒక్క డిస్‌కనెక్ట్ చాలు, పని మొదటికి వస్తుంది. కొన్ని డాక్‌లు డిస్కు సెక్టార్ సైజును కూడా మార్చి చూపిస్తాయి, దాన్ని తర్వాత బేలో పెడితే అర్రే గుర్తుపట్టదు.

ఈ దారి పనికిరాని సందర్భం ఒకటుంది. పాత డిస్కు ప్రతి సెక్టార్ దగ్గరా నిమిషాలు తీసుకుంటూ మొత్తం అర్రేను నత్తనడక నడిపిస్తుంటే, రెయిడ్ 6లో దాన్ని బయటకు తీసి దారి 1 పట్టండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో మాత్రం ఆర్ ఆప్షన్ ఇస్తే మంచి కాపీలు ఉన్నంతవరకు పాత డిస్కు జోలికి పోదు.

దారి 3: హాట్ స్పేర్

హాట్ స్పేర్ అంటే ముందే బాక్సులో పెట్టి ఉంచిన విడి డిస్కు, ఏదైనా డిస్కు పోగానే రీబిల్డ్ దాని మీద తనంతట తానే మొదలవుతుంది. మనిషి చేతికి అందని చోట, ఊరి బయట సర్వర్ గదిలో, రాత్రిళ్లు ఎవరూ లేని ఆఫీసులో స్పేర్ మంచిదే. 12, 24 బేల ఛాసిస్‌లో నాలుగైదు అర్రేలకు కలిపి ఒక గ్లోబల్ స్పేర్ పెట్టడం న్యాయమైన ఖర్చు. నాలుగు బేల బాక్సులో మాత్రం వద్దు. మూడు డిస్కుల రెయిడ్ 5, ఒక స్పేర్ కలిపితే మీకు దక్కేది 16 టీబీ. అవే నాలుగు డిస్కులు రెయిడ్ 6 చేసినా 16 టీబీయే, పైగా రెండు డిస్కులు ఒకేసారి పోయినా నిలుస్తుంది, రీబిల్డ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. రాయడంలో కాస్త వేగం తగ్గుతుంది. ఫైళ్లు దాచే పనికి ఆ తేడా లెక్కలోకి రాదు.

బీరువాలో పెట్టుకున్న విడి డిస్కు కూడా స్పేరే. కొన్న వారంలోనే ఒకసారి పూర్తి పరీక్ష నడపండి, ఎందుకంటే వారంటీ గడియారం బిల్లు రోజు నుంచే నడుస్తుంది.

దారి 4: అర్రే ఆపి, పోతున్న డిస్కును క్లోన్ చేయడం

రెయిడ్ 5లో రెండో డిస్కు కూడా ఎర్రర్లు చూపిస్తోందా? లేక ఇప్పటికే రెండు బయటపడ్డాయా? రీబిల్డ్ బటన్ నొక్కకండి. బాక్సు ఆపి, డిస్కుల వరుస రాసుకుని, ఎర్రర్లున్న డిస్కును వేరే కంప్యూటర్‌కు సాటా పోర్టులో తగిలించి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో కొత్త డిస్కులోకి క్లోన్ చేయండి. ఇక్కడ యూఎస్‌బీ డాక్ తగిలించినా ఫరవాలేదు, ఏది చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఉంటుంది కాబట్టి, మధ్యలో ఆగినా ఆగినచోటి నుంచి మొదలవుతుంది. మొదటి విడతలో ఎన్ ఆప్షన్‌తో సులువుగా వచ్చేది లాక్కోండి, రెండో విడతలో మొండి సెక్టార్ల మీద మూడుసార్లు ప్రయత్నించనివ్వండి.

క్లోన్‌లో చదవలేకపోయిన చోట్లు ఖాళీగా ఉంటాయి. అర్రేకు ఆ విషయం తెలియదు, ఆ సున్నాలనే నిజమైన డేటా అనుకుని చదువుతుంది. అందుకే మ్యాప్ ఫైలు పారేయకండి. ఏ సెక్టార్లు పోయాయో, వాటిలో ఏ ఫైళ్లున్నాయో తర్వాత పట్టుకోవడానికి అదే ఆధారం.

క్లోన్‌లతో లినక్స్ అర్రేను లేపేటప్పుడు ప్రతి డిస్కు ఈవెంట్ కౌంట్ (అర్రేలో జరిగిన మార్పుల లెక్క) చూడండి. అంకెలు దగ్గరగా ఉన్నవాటితో అసెంబుల్, ఫోర్స్ ఆప్షన్లతో లేపవచ్చు. చాలా ముందే బయటపడిన డిస్కును కలపకండి, దానిలో ఉన్నది పాత డేటా. క్రియేట్ అనే ఆప్షన్‌ను, నాస్ తెర మీద ఇనిషియలైజ్ అనే బటన్‌ను ఏ పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. టక్ టక్ అంటున్న డిస్కుకు మాత్రం ఇంట్లో కరెంటు ఇవ్వకండి. హెడ్ పళ్లేన్ని గీకుతున్న ప్రతి నిమిషం డేటా తగ్గిపోతుంది. ఆ డేటా అంత ముఖ్యమైతే డిస్కును క్లీన్‌రూమ్ ఉన్న రికవరీ ల్యాబుకే ఇవ్వాలి.

దారి 5: ఫైళ్లు తీసుకుని కొత్తగా కట్టుకోవడం

దీన్ని చాలామంది దారిగానే గుర్తించరు, కానీ బ్యాకప్ లేని పాత రెయిడ్ 5కు ఇదే అన్నిటికన్నా భద్రం. 24 టీబీ అర్రేలో నిజంగా ఉన్నది 9 టీబీ అనుకుందాం. మామూలు రీబిల్డ్ ఖాళీ స్థలంతో సహా మొత్తం చదువుతుంది. ఫైళ్ల కాపీ 9 టీబీనే చదువుతుంది. మధ్యలో చెడిన సెక్టార్ తగిలితే ఆ ఒక్క ఫైలు పోతుంది, అర్రే నిలుస్తుంది. ఒక 12 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు కొని, ముఖ్యమైన ఫోల్డర్ల నుంచి వరుసగా కాపీ చేయండి. కాపీ అయ్యాక తీరిగ్గా రీబిల్డ్ చేసుకోండి. డిస్కులు ఐదేళ్లు దాటి, నాలుగూ ఒకే బ్యాచ్‌వి అయితే పాతదాన్ని వదిలేసి రెయిడ్ 6తో కొత్తగా కట్టండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మాత్రం ఈ వాదన బలం కాస్త తగ్గుతుంది, అది రీబిల్డ్‌లో కూడా వాడుకలో ఉన్న డేటానే చదువుతుంది.

కొనబోయే డిస్కు

అన్నిటికన్నా ముందు సీఎంఆర్ రకమా (ట్రాకులు విడివిడిగా ఉండేది), ఎస్‌ఎంఆర్ రకమా చూడాలి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవన్నీ తిరిగి రాయాలి. గంటల తరబడి ఆగకుండా రాసే రీబిల్డ్‌లో అది ఊపిరాడక, కొన్నిసార్లు అర్రే నుంచే బయటపడుతుంది. నాస్ కోసమని అమ్మిన డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ సైజుల కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడింది. ఆ తర్వాత సీఎంఆర్ మోడళ్లను రెడ్ ప్లస్ అని వేరు చేశారు. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్, డెస్క్‌టాప్ బారకుడాలో చాలా సైజులు ఎస్‌ఎంఆర్. సిరీస్ పేరు నమ్మి కొనకుండా పూర్తి మోడల్ నంబరుతో డేటాషీట్ చూడండి.

సైజు విషయంలో టీబీ అంకె చాలదు, సెక్టార్లు లెక్క. ఈ రోజుల్లో 8 టీబీ డిస్కులన్నిటిలోనూ సాధారణంగా 15,62,80,53,168 సెక్టార్లుంటాయి కాబట్టి వేరే కంపెనీది కొన్నా సరిపోతుంది. పాత డెస్క్‌టాప్‌లో వాడిన డిస్కులో మాత్రం కొన్ని మదర్‌బోర్డులు చివర కొంత భాగం దాచిపెట్టేవి. అలాంటిది ‘చిన్నది’ అని అర్రే తిరస్కరిస్తుంది. పెద్ద డిస్కు పెట్టవచ్చు, మిగిలిన స్థలం అన్నీ మార్చేదాకా వృథా. సైనాలజీ ఎస్‌హెచ్‌ఆర్‌లో రెండు పెద్ద డిస్కులు చేరగానే ఆ స్థలం వాడకంలోకి వస్తుంది. అదే మోడల్ దొరకలేదని బెంగపడకండి. వేరే బ్యాచ్ డిస్కు ఉంటే అన్నీ ఒకేసారి పోయే అవకాశం తగ్గుతుంది.

ఎక్స్‌టర్నల్ బాక్సు విప్పి తీసిన డిస్కు తిరగకపోతే పాడైందని అనుకోవద్దు. కొన్ని డిస్కుల్లో సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్‌కు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ పిన్ మీద కాప్టాన్ టేపు అతికిస్తే పనిచేస్తుంది. పెద్ద స్టోరేజ్ బాక్సుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సాస్ (సర్వర్లలో వాడే కనెక్షన్ రకం) డిస్కులు 520 బైట్ల సెక్టార్లతో ఉండొచ్చు, 512కి తిరిగి ఫార్మాట్ చేయాలి. సాస్ డిస్కు సాటా కనెక్టర్‌లో పట్టనే పట్టదు.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బు కట్టేముందు సీరియల్ నంబరును తయారీదారు వారంటీ పేజీలో పెట్టి ఇండియా వారంటీ ఉందో లేదో చూడండి. 2025 మొదట్లో యూరప్‌లో వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కులను స్మార్ట్ అంకెలు చెరిపి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. స్మార్ట్‌లోని గంటలను చెరపవచ్చు. సీగేట్ డిస్కులు విడిగా రాసుకునే ఫార్మ్ లాగ్‌లోని గంటలు అంత తేలిగ్గా చెరగవు. స్మార్ట్‌సీటీఎల్ 7.4తో రెండూ తీసి పోల్చండి.

బేలో పెట్టే రోజు

రెయిడ్ 6 అయితే కొత్త డిస్కుకు ముందు లాంగ్ టెస్ట్ నడపండి, 8 టీబీకి దాదాపు 14 గంటలు. ఇప్పటికే డీగ్రేడ్ అయిన రెయిడ్ 5 అయితే రెండు నిమిషాల షార్ట్ టెస్ట్ చాలు, అక్కడ ఆలస్యమే పెద్ద ప్రమాదం.

బాక్సు లోహభాగాన్ని ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. గొళ్లెం తీసి ట్రేను రెండు, మూడు సెంటీమీటర్లు లాగి 30 సెకన్లు ఆగండి, పళ్లేలు తిరగడం ఆగాక బయటకు తీయండి. 3.5 అంగుళాల డిస్కుకు పట్టే మర 6-32 రకం, 2.5 అంగుళాలకు ఎం3. ఒకదానిది ఇంకోదానికి బిగిస్తే మర చెడుతుంది. కొత్త డిస్కు ఇదివరకు వేరే కంట్రోలర్‌లో పనిచేసి ఉంటే ‘ఫారిన్’ (వేరే అర్రేది) అని వస్తుంది. ఆ ఒక్క డిస్కుదే అని సీరియల్‌తో నిర్ధారించుకున్నాకే క్లియర్ కొట్టండి. లినక్స్ సర్వర్‌లో ఆ డిస్కు మీద బూట్ పార్టిషన్ కూడా ఉంటే, పార్టిషన్ టేబుల్ కాపీ చేశాక గ్రబ్‌ను (సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్‌ను) కొత్త డిస్కు మీద కూడా ఇన్‌స్టాల్ చేయాలి. ఇది మర్చిపోయిన సంగతి మిగిలిన బూట్ డిస్కు పోయిన రోజు, సర్వర్ లేవనప్పుడు తెలుస్తుంది.

సెకనుకు 150 ఎంబీ చొప్పున 8 టీబీకి 15 గంటలు. పని నడుస్తుంటే రెండు, మూడు రోజులు. లినక్స్ ఎండీలో రీబిల్డ్ కనీస వేగం సెకనుకు 1,000 కేబీగా ఉంటుంది, రాత్రిపూట 1,00,000కు పెంచుకోండి. యూపీఎస్ అన్ని గంటలు మోయలేదు, కాబట్టి దాని యూఎస్‌బీ కేబుల్ బాక్సుకు తగిలించి, బ్యాటరీ తగ్గితే తనంతట తాను ఆగేలా సెట్ చేయండి. పద్ధతిగా ఆగిన రీబిల్డ్ చాలావరకు ఆగినచోటి నుంచే సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఆ గదిలో ఏసీ రాత్రంతా వేసి ఉంచండి, డిస్కులు 45 డిగ్రీలు దాటకుండా చూడండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ఫైల్‌సిస్టమ్ చెక్ లాంటివన్నీ రీబిల్డ్ అయ్యాకే.

పూర్తయ్యాక ఒక స్క్రబ్ నడపండి. డెబియన్‌లో ఎండీ చెక్ నెలలో మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది. నాస్‌లో మాత్రం షెడ్యూల్ పెట్టారో లేదో చూసుకోవాలి. హెచ్చరిక ఈమెయిల్ నిజంగా వస్తోందో టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

తీసిన పాత డిస్కును రీబిల్డ్, స్క్రబ్ రెండూ అయ్యేదాకా సీరియల్, తేదీ రాసి పక్కన ఉంచండి. వారంటీకి పంపేముందు ఒక విషయం ఆలోచించండి. రెయిడ్ 1 డిస్కులో డేటా మొత్తం ఉంటుంది. రెయిడ్ 5 డిస్కులో కూడా ఒక్కో ముక్క 64 నుంచి 512 కేబీ ఉంటుంది కాబట్టి ఒక పాన్ కార్డు స్కాన్, ఒక ల్యాబ్ రిపోర్టు పూర్తిగా అందులోనే ఉండొచ్చు. డిస్కు ఇంకా కనిపిస్తుంటే మొత్తం చెరిపి పంపండి. చెరపలేని స్థితిలో ఉండి, ఎన్‌క్రిప్షన్ లేకుండా రోగుల రికార్డులో క్లయింట్ల లెక్కలో అందులో ఉంటే, వారంటీ వదులుకుని పళ్లేలకు డ్రిల్‌తో రంధ్రాలు వేయించండి.